పాచికలు నడిపిన ఫైనల్స్

ఆస్ట్రేలియా దేశమున, అందునను మెల్‌బోర్న్ నగరమున, శీతకాలమంతయు కోడిగ్రుడ్డు ఆకారపు బంతితో జరుగు ఫుట్‌బాల్ పోటీలు ముగిసి, పట్టికలో పై స్థానములు దక్కించుకొన్న జట్లు సెప్టెంబరు మాసమున ఫైనల్స్ అను తుది సమరమునకు దిగునప్పుడు, ఈ యేడు విజేత యెవరను చర్చ ఇంటింటను సాగును. ఆ చర్చలో ఆటగాండ్ర దేహదార్ఢ్యము, శిక్షకుల వ్యూహములు, గాయముల వివరములు వినవచ్చునేగాని, వీటినన్నిటిని ఒక ప్రక్కకు నెట్టి, ఆ ఆటల ఫలితములను నాణెము ఎగురవేసి తేల్చినచో ఏమగునను ప్రశ్న అరుదుగా వినబడును. వెఱ్ఱిగా తోచు ఈ ప్రశ్నయే గణితజ్ఞునకు మిక్కిలి ఉపకరించునది. ఏలయన, ప్రతిభకు చోటే లేని లోకమున ఏమి జరుగునో తెలిసినగాని, ఈ లోకమున ప్రతిభ వాటా యెంతయో కొలుచుటకు వీలుపడదు.

2000 సంవత్సరమున అమలులోనికి వచ్చి 2025 వరకు సాగిన విధానము ఇట్టిది: ఎనిమిది జట్లు, నాలుగు వారములు, తొమ్మిది ఆటలు. మొదటి వారమున పట్టికలో మొదటి జట్టు నాలుగవదానితోను, రెండవది మూడవదానితోను క్వాలిఫైయింగ్ ఫైనల్స్ ఆడును; అందు ఓడినవారికి మరొక అవకాశము మిగిలియుండును. ఐదవది ఎనిమిదవదానితోను, ఆరవది ఏడవదానితోను ఆడు ఎలిమినేషన్ ఫైనల్స్‌లో మాత్రము ఓడినవారికి ఆ యేటికి ఆట కట్టు. రెండవ వారమున, పై నాలుగింటిలో ఓడిన రెండు జట్లును క్రింది నాలుగింటిలో గెలిచిన రెండింటిని సెమీ ఫైనల్స్‌లో ఎదుర్కొనును. గెలిచిన పై జట్లు ఆ వారము విశ్రమించి, మూడవ వారమున సెమీ విజేతలతో ప్రిలిమినరీ ఫైనల్స్ ఆడును. అందు నిలిచిన రెండును సాధారణముగా మెల్‌బోర్న్ క్రికెట్ మైదానమున గ్రాండ్ ఫైనల్‌లో తలపడును.

ఇక నాణెమును తీయుదము. పై నాలుగింటిలోని జట్టు మొదటి ఆట గెలిచినచో మరి రెండు గెలుపులు చాలును. అనగా నాణెము మూడుమార్లు వరుసగా అనుకూలింపవలెను, ఇది 8లో 1 వంతు. మొదటిది ఓడినచో తక్కిన మూడును గెలువవలెను, ఇది 16లో 1 వంతు. రెండును కూడినచో 16లో 3 వంతులగును. క్రింది జట్టు నాలుగాటలును వరుసగా గెలువవలసియుండుటచే దాని సంభావ్యత 16లో 1 వంతు మాత్రమే. అందరును సరిసమానులే యైనను, నాలుగవ స్థానమునకును ఐదవ స్థానమునకును నడుమ మూడు రెట్ల అంతరమును నియమావళియే కల్పించినదన్నమాట! ఏప్రిల్ మాసమున ఏమరుపాటుగా చేజార్చుకొన్న ఒక్క ఆట ఖరీదు అప్పుడుగాని తెలిసిరాదు.

ఇంతవరకు కాగితము మీది లెక్క చాలినది. నియమములు చిక్కువడినకొలది ఇట్టి లెక్క కొఱకరాని కొయ్య యగును. 1946లో రోగశయ్య మీదినుండి కోలుకొనుచున్న స్టానిస్లావ్ ఉలామ్ అను గణితజ్ఞుడు పేకముక్కలతో ఒంటరియాట ఆడుచు, ఆట ముగియు సంభావ్యతను సిద్ధాంతముచే సాధింపబూని విసిగి, దానికంటె నూరుమార్లు ఆడి ఎన్నిమార్లు గెలిచితిమో లెక్కించుట తేలిక కదా యని తలచెను. ఆ తలంపే ఆయన మిత్రుడు జాన్ ఫాన్ నోయ్‌మన్ చేతిలో యంత్రగణనకు అనువైన శాస్త్రీయ పద్ధతి యయ్యెను. జూదశాలలకు పేరుపడిన మాంటీ కార్లో పేరే దానికి స్థిరపడెను.

అయితే యంత్రము నాణెము నెట్లు ఎగురవేయును? ఫాన్ నోయ్‌మన్ సూచించిన ఉపాయము ఒకటి కలదు: నాలుగంకెల సంఖ్య నొకదానిని బీజముగా గైకొని, దాని వర్గమును ఎనిమిదంకెలుగా వ్రాసి, నడిమి నాలుగంకెలను తరువాతి సంఖ్యగా గ్రహించుట. 2016ను బీజముగా గైకొందము. దాని వర్గము 04064256, నడిమి అంకెలు 0642. ఇట్లే సాగినచో క్రమముగా 4121, 9826, 5502, 2720, 3984, 8722, 0732, 5358 లభించును. తొమ్మిది సంఖ్యలు, తొమ్మిది ఆటలు! మొదటి అంకె 0 నుండి 4 వరకైనచో పట్టికలో పైనున్న జట్టును, 5 నుండి 9 వరకైనచో క్రిందిదానిని గెలిపింతము. 2016 నాటి పట్టికలో వరుసగా సిడ్నీ, గీలాంగ్, హాథార్న్, గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ, అడిలైడ్, వెస్ట్ కోస్ట్, వెస్టర్న్ బుల్‌డాగ్స్, నార్త్ మెల్‌బోర్న్ కలవు. మన సంఖ్యల ప్రకారము మొదటి వారమున సిడ్నీ, గీలాంగ్, నార్త్ మెల్‌బోర్న్, బుల్‌డాగ్స్ గెలిచినవి. సెమీలలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ, హాథార్న్ నిలిచినవి. పిమ్మట హాథార్న్ సిడ్నీని, గీలాంగ్ గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీని ఓడించినవి. గ్రాండ్ ఫైనల్‌లో, మొదటి వారమున తన్ను ఓడించిన గీలాంగ్ మీదనే హాథార్న్ పగ తీర్చుకొన్నది. 2013 మొదలు వరుసగా మూడేండ్లు విజేతయైన హాథార్న్‌కు మన అంకెలు నాలుగవ కిరీటమును గూడ కట్టబెట్టినవి! వాస్తవమునందు జరిగినది వేరు. అది పిమ్మట చెప్పెదను. ఈ ఉపాయము త్వరలోనే సున్నలోనో, తిరిగి తిరిగి వచ్చు ఆవృత్తిలోనో చిక్కుకొనునది గావున, నేటి యంత్రములు ఇంతకంటె నమ్మదగిన సూత్రములను వాడును.

ఇట్టి తొమ్మిది ఆటల పరంపర ఒక్కటియే ఏమియు చెప్పదు. నూరు పరంపరలు ఆడించినచో ఐదవ స్థానపు జట్టు సగటున 6 మార్లు గెలువవలెనుగాని, 4 అయినను 9 అయినను వింతపడనక్కరలేదు. పదివేలు ఆడించినచో 625 రావలెను. తేడా సాధారణముగా 25కు మించదు. దోషమును సగము చేయుటకు ఆటలను నాలుగు రెట్లు చేయవలెను. ఈ శాస్త్రమున చౌకబేరము లేదు.

ఇప్పుడు చరిత్రను చూతము. 2000 నుండి 2024 వరకు జరిగిన 25 ఫైనల్స్‌లో క్రింది నాలుగు స్థానములనుండి వచ్చి గెలిచినవి రెండే: 2016లో ఏడవ స్థానపు బుల్‌డాగ్స్, 2024లో ఐదవ స్థానపు బ్రిస్బేన్. నాణెమే ప్రమాణమైనచో అట్టివి ఆరైనను ఉండవలెను. రెండో అంతకు తక్కువో వచ్చుట నూటికి మూడుమార్లు మాత్రమే సంభవము. కావున నాణెమును విడిచి పాచికను గైకొందము. పై నాలుగింటిలోని జట్టు క్రింది జట్టుతో ఆడునపుడు 1 నుండి 4 వరకు పడినచో పైదానికి గెలుపు, 5గాని 6గాని పడినచో క్రిందిదానికి. ఒకే వర్గమువారు తలపడినచో సరి బేసి. ఇట్లు చేసినపుడు క్రింది నాలుగు జట్ల వాటా 243లో 19కి దిగి, 25 సంవత్సరములలో రమారమి రెండు విజయములగును. సరిగ్గా కుదిరినదని సంబరపడరాదు. పై జట్టు ఐదింట మూడుమార్లే గెలుచుననుకొన్నను మూడు పైచిలుకు వచ్చును, రెండునకు అదియు దూరము కాదు. ఇరువదియైదేండ్ల సాక్ష్యము ఇంతకంటె సూక్ష్మముగా పలుకజాలదు.

ఆ పాచిక లెక్కన 2016 నాటి బుల్‌డాగ్స్ విజయము దాదాపు ఏబదియొకటింట ఒకమారు జరుగవలసినది. వారు పెర్త్ నగరమునకు పోయి వెస్ట్ కోస్ట్‌ను 47 పాయింట్ల తేడాతోను, పిమ్మట హాథార్న్‌ను 23తోను ఓడించి, సిడ్నీలో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ మీద 6 పాయింట్లతో, అనగా ఒక్క గోలు విలువతో గట్టెక్కి, గ్రాండ్ ఫైనల్‌లో సిడ్నీని 22తో జయించి, 1954 తరువాత మొదటి కిరీటమును ధరించిరి. దీనిని కాకతాళీయమనువారిని తప్పుపట్టలేము, అట్లే ఆ నాలుగు వారములలో వారి బలమే పెరిగినదనువారినిగూడ తప్పుపట్టలేము. ఒక్క సంఘటనను చూచి ఈ రెంటిని వేరుపరచు శక్తి ఏ పాచికకును లేదు.

తేలని చిక్కు మరొకటి కలదు. ఆ 25 ఏండ్లలో పట్టికలో మొదటి స్థానపు జట్టు 9 మార్లు, రెండవది 7, మూడవది 7 మార్లు విజేతలైనవి. నాలుగవది ఒక్కమారైనను కాలేదు. మన పాచిక నాలుగింటిని సమానముగా చూచినది గనుక నాలుగవదానికి ఐదారు విజయములు రావలెను. మొదటి వారముననే మొదటి జట్టును దాని సొంతగడ్డ మీద ఎదుర్కొనవలసివచ్చుట ఇందుకు కొంత కారణము కావచ్చును. పై నాలుగింటిలోను బలాబలముల తారతమ్యము కలదనుటయు సమంజసమే. ఫలితములు చూచిన పిదప వాటిలో వింతయైనదానిని ఏరి పట్టుకొనుట సులువు గనుక, ఏ స్థానము ఖాళీగా మిగిలినను ఇట్లే అచ్చెరువందెడివారము గదా యను సంశయమును విడువక, పై నాలుగు జట్లకును వేర్వేరు పాచికలు చేసి, పరంపరను మరల మొదటినుండి పదివేలమార్లు ఆడించి చూడవలసియున్నది.