పత్రా షెడ్డుకు పచ్చని కప్పు

మిల్లులు మూతబడ్డంక మన సోలాపూర్ బస్తీలల్ల చాలా కుటుంబాలు ఇంటి పని మీదనే నడుస్తున్నయి. ఇంటెనక కొంచెం జాగా ఉంటే కుట్టు మిషన్లకు ఒక షెడ్డు లేపుతున్నరు. గోడలు ఎట్లన్నా లేస్తయి, ఆలోచన చెయ్యాల్సింది కప్పు గురించి. ఖర్చు తక్కువని అందరం పత్రానే వేస్తం. మే నెలల మన ఊళ్లె కొన్ని రోజులు ఎండ 42 డిగ్రీలు దాటుతది. ఆ పత్రా కింద మధ్యాహ్నం మిషన్ తొక్కే ఆడమనిషికి తల తిరుగుతది. పని ఆగితే కూలి పోయినట్టే, పీసు లెక్క కదా.

నూలు పొడిబారి తెగుతదని మిల్లుల సాంచాల ఖాతాలోకి తేమ గాలి వదిలేటోళ్లు. వెలుతురు రావాలె, ఎండ పడొద్దని కప్పును రంపం పళ్లలాగ కట్టి అద్దాలు ఉత్తరం దిక్కు పెట్టేటోళ్లు. నూలుకే అంత చూసినప్పుడు మనిషికి చూడొద్దా?

కప్పు మీద మట్టి పోసి గడ్డి పెంచే ఇళ్లు ఫోన్లల్ల చూసి పిల్లలు మనమూ చేద్దామంటరు. జర్మనీ దేశంలో అట్లాంటివి చాలా ఉన్నయి. కాని లెక్క చూడండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడుగు షెడ్డు మీద 4 అంగుళాల మందం మట్టి అంటే 40 ఘనపుటడుగులు. వానకు తడిస్తే సుమారు 2 టన్నులు. పత్రా కింది సన్న పైపులు ఆ బరువు మోయవు. కింద మనుషులు కూర్చుంటరు. అది గట్టి స్లాబుకే చెల్లుతది, అదీ ఇంజనీరును అడిగి, నీళ్లు దిగకుండ చేసినంకనే.

మనకు పందిరి మేలు. విడిగా గుంజలు పాతి, పత్రాకు ఒక అడుగు పైన వెదురు కట్టి తీగె పాకించాలె. ఆకు పత్రాకు తగలొద్దు. కాలిన పత్రా మీద లేత తీగె మాడిపోతది, రాలిన ఆకు తడిసి నిలిస్తే తుప్పు పడతది. మధ్యల గాలి ఆడితేనే చల్లదనం.

సొర, బీర తొందరగ కమ్ముతయి గాని, వానకాలం విత్తితే ఎండాకాలం దాకా ఉండవు. జనవరి చివర్ల విత్తాలె. నన్నడిగితే దొండ పెట్టండి. తీగె ముక్క నాటితే చాలు, ఏండ్లకేండ్లు ఉంటది. చలికాలం మందగిస్తది, అప్పుడు కత్తిరిస్తే ఎండలు ముదిరేసరికి మళ్లీ అల్లుకుంటది. కాయ కూరకు, మిగిలితే పక్కింటి వదినకు.

నల్లా రోజూ రాని ఊరు మనది. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొదట్లో పోయండి. బట్టల సోడా నీళ్లు వద్దు. మొదలు చుట్టూ ఎండాకు పరిస్తే తడి నిలుస్తది.

తీగె కమ్మేదాక పత్రాకు సున్నం కొట్టండి. తెల్లదనం ఎండను చాలావరకు వెనక్కి కొడతది. వానకు కొట్టుకపోతది కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ కొట్టాలె. కరెంటు వైరు పందిరికి దూరంగ ఉండేటట్టు చూసుకోండి. కిరాయి ఇల్లైతే గుంజలు పాతకముందే ఇంటాయనను అడగండి.