రాతిపువ్వు సంసారము

మసాలా నూరునపుడు మనము వేయు రాతిపువ్వు నిజమునకు పువ్వు గాదు, ఆకును గాదు. అది మన మిరపతోటల సీమలో బండునదియు గాదు. చల్లని కొండసీమలనుండి మన యంగళ్లకు వచ్చును. దాని చుట్టములు కొన్ని మాత్రము మన కొండవీటి రాళ్లపైని, పాతగోడలపైని బూడిదవన్నె మచ్చలవలె నంటియుండును.

మొన్న మార్గశిరమాసమున మా యమ్మాయి బావిగట్టు రాతిమీద నట్టి మచ్చను కత్తితో గీకబోవుచుండగా నేను వారించి, దానిపై చెంబెడు నీళ్లు చిలుకరించితిని. కొంచెముసేపటిలో బూడిదవన్నె తొలగి పచ్చదనము పొడసూపెను. “అమ్మా! ఇది బ్రతికియున్నదా?” యని పిల్ల యాశ్చర్యపడెను.

బ్రతికియే యున్నది, అదియు నొంటిగా గాదు, జంటగా. పుట్టగొడుగుల జాతికి జెందిన బూజు ఇల్లు గట్టి తడిని నిలుపును. నాచుజాతిది ఆ యింటిలో గాపురముండి వంట చేయును. ఈ జంట సంగతి 1867లో ష్వెండెనర్ అను శాస్త్రజ్ఞుడు ప్రకటింపగా బెక్కుమంది పండితులు నమ్మరైరి.

పచ్చని మొక్కలు వెలుతురులోనే ప్రాణవాయువును విడుచునని 1779లో ఇంగెన్‌హౌస్ అను వైద్యుడు తెలిపెను. నాచునకును అదియే ధర్మము. తడిసియున్న రాతిపువ్వునకు వెలుతురు సోకినపుడు నాచు బొగ్గుపులుసు గాలిని గైకొని యాహారము చేయును. అందుచే లోపల ప్రాణవాయువు పెరుగును. చీకటిలో వంట నిలిచిపోవును గాని ఇరువురును ఊపిరి పీల్చుట మానరు; అందుచే నది తగ్గును. పగలు రాబడి, రాత్రి వెచ్చము. తడి మితిమీరినచో బొరలలోని సందులు నీటితో నిండి గాలి రాకపోకలు మందగించును. బొత్తిగా నెండినచో రాబడియు వెచ్చమును గూడ నిలిచి, జీవము నిద్రించును.

కావున గల్లములలో మిరపకాయల నెండించు మధ్యాహ్నపుటెండ దానికి నిరుపయోగము. మంచుతడి యాఱకముందు వచ్చు లేతయెండయే దాని సంపాదనకాలము. రాత్రి వెచ్చగాను దడిగాను ఉన్నచో వెచ్చము హెచ్చును. తెల్లవాఱినపిదప దడి త్వరగా నాఱినచో రాబడి తగ్గును. మసాలాకు బనికివచ్చు పెద్ద రాతిపువ్వు చల్లని కొండల నాశ్రయించుట కిది యొక కారణము.

రాతి నంటిపెరుగు నీ జాతులలో బెక్కు ఏటికి 1 మిల్లీమీటరైనను విస్తరింపవు. మా పిల్ల గీకబోయిన మచ్చ దానికంటె వయస్సున బెద్దది కావచ్చును. సోదరీమణులారా! వంటలో రాతిపువ్వును చిటికెడుతో సరిపెట్టుడు. రాతిపై మచ్చ కనబడిన గీకుటకు ముందు పుడిసెడు నీళ్లు చల్లి పిల్లలకు జూపుడు.