వృత్తి సంబంధ వ్యాధుల నమోదులో వైద్యుల బాధ్యత

కంకర క్రషర్‌లోనో, ఫౌండ్రీలోనో ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుడు దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు తొలుత కలిగే అనుమానం క్షయ. ఎక్స్‌రేలో కనిపించే మచ్చలు ఆ అనుమానాన్ని బలపరచవచ్చు. అయితే అది సిలికా ధూళి వల్ల ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ కూడా కావచ్చు. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ కనుక రెండూ ఒకే రోగిలో ఉండవచ్చు. రోగి చేసిన పని వివరాలు తెలియనిదే అసలు కారణం బయటపడటం కష్టం. రోగి వృత్తిని తప్పక అడగాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700లోనే సూచించారు.

ఇటువంటి వ్యాధులను ప్రభుత్వం దృష్టికి తీసుకురావలసిన బాధ్యతను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 89వ సెక్షన్ యాజమాన్యంతో పాటు చికిత్స చేసే వైద్యునిపై కూడా ఉంచింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020లోని 12వ సెక్షన్ ఈ బాధ్యతను కొనసాగించింది. సీసం, పాదరసం, బెంజీన్ విషప్రభావాలు, సిలికోసిస్, ఆస్‌బెస్టాసిస్, పత్తి ధూళి వల్ల వచ్చే బిసినోసిస్, శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం తదితర 29 వ్యాధులు కోడ్ మూడవ షెడ్యూలులో ఉన్నాయి.

వీటిలో ఏదైనా ఉన్నదని వైద్యుడు భావిస్తే చాలు, జాప్యం లేకుండా చీఫ్ ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేయవలసి ఉంటుంది. రోగి పేరు, చిరునామా, అనుమానిత వ్యాధి, పనిచేసిన సంస్థ వివరాలు అందులో ఉండాలి. పని మానేసినవారికి కూడా ఇది వర్తిస్తుంది. సిలికోసిస్ తరచు పదేళ్లకు పైబడిన తరువాతే బయటపడుతుంది కనుక ఈ నిబంధనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. నివేదించని వైద్యునికి జరిమానా విధించే వీలున్నది.

సిలికోసిస్‌ను పూర్తిగా నయం చేసే చికిత్స లేదు. నివారణే మార్గం. నివేదిక అందితే అధికారులు పని ప్రదేశాన్ని తనిఖీ చేసి, నీటిని చల్లడం, ధూళిని పీల్చివేసే యంత్రాలను అమర్చడం వంటి చర్యలు తీసుకునేలా చూడవచ్చు. తోటి కార్మికులకు సకాలంలో వైద్య పరీక్షలు జరిపించవచ్చు. పరిహారం కోరే కార్మికునికి, అతని కుటుంబానికి ఆ నివేదిక ఆధారంగా ఉపకరిస్తుంది. నివేదిక రాకపోతే ఆ వ్యాధి లెక్కలకెక్కదు, అదే ధూళిలో మరికొందరు పని కొనసాగిస్తారు.

కాబట్టి ఓపీ చీటీలోనూ, కేస్‌షీటులోనూ రోగి ప్రస్తుత వృత్తితో పాటు గతంలో చేసిన పనులను, అవి చేసిన కాలాన్ని నమోదు చేయడం ఎంతైనా అవసరం.