ఇంటి బడి

ఇంటి బడి అనగా పిల్లలను పాఠశాలలో చేర్చకుండా తల్లిదండ్రులే ఇంటివద్ద చదువు చెప్పే పద్ధతి. దీనిని గృహ విద్య అని, హోమ్‌స్కూలింగ్ అని కూడా వ్యవహరిస్తారు. బడినుండి వచ్చిన పిల్లలకు చెప్పించే ట్యూషను దీని క్రిందికి రాదు. 2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళు ప్రసారం చేసిన పాఠాలు కూడా ఇంటి బడి కావు. అప్పుడు పిల్లల పేర్లు బడిలోనే ఉన్నవి, పాఠ్యక్రమమూ బడిదే. ఇంటి బడిలో ఏమి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అనే మూడు నిర్ణయాలూ ఇంటివారివే.

ప్రపంచంలో ఈ పద్ధతిని అనుసరించేవారిలో క్రైస్తవ కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. చిన్నపిల్లలు నలుగురైదుగురున్న అటువంటి ఇంటిలో చదువు ఎలా సాగుతుందో, మహబూబాబాద్ జిల్లాలోని తొర్రూరు వంటి పట్టణంలో ఎవరైనా దానికి పూనుకొంటే ఎదురయ్యే వీలులు, చిక్కులు ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఎప్వర్త్ ఇల్లు

క్రైస్తవ కుటుంబాల ఇంటి బడికి అందరూ చెప్పుకొనే పాత ఉదాహరణ ఇంగ్లాండులోని ఎప్వర్త్ గ్రామంలో సుసన్నా వెస్లీ (1669–1742) నడిపినది. ఈమె భర్త శామ్యూల్ అక్కడి చర్చి గురువు. వీరికి పుట్టిన 19 మంది పిల్లలలో 10 మంది మాత్రమే పెరిగి పెద్దవారైనారు. మెథడిస్టు ఉద్యమాన్ని ఆరంభించిన జాన్ వెస్లీ, కీర్తనకారుడు చార్లెస్ వెస్లీ వీరిలోని వారే. తన పద్ధతిని వివరిస్తూ ఆమె 1732లో కుమారుడు జాన్‌కు ఒక ఉత్తరం వ్రాసినది. అందులోని వివరాలు నేటికీ ఇంటి బడులవారికి పనికివస్తున్నవి.

ఐదేళ్ళు నిండేవరకు పిల్లలకు అక్షరాలు నేర్పేవారు కారు. నిండిన మరుసటి దినమే అక్షరాభ్యాసం. ఆ రోజున ఇంటిలో మిగిలినవారు తమ తమ పనులు తాము చూసుకోవాలి, ఎవరూ ఆ గదిలోకి రాకూడదు. ఒక్క రోజులో అక్షరాలన్నీ వచ్చేవి. ఇద్దరు ఆడపిల్లలకు మాత్రం రోజున్నర పట్టినదని ఆమె వ్రాసినది. తరువాత నేరుగా బైబిలులోని ఆదికాండము మొదటి అధ్యాయముతో చదువు మొదలు. బడివేళలు ఉదయం 9 నుండి 12 వరకు, మధ్యాహ్నం 2 నుండి 5 వరకు. సాయంత్రం ఐదింటికి అందరికంటె పెద్దపిల్ల మాటలు వచ్చిన అతి చిన్నవానిని, రెండవవారు వాని పైవానిని, ఇలా జతలుగా కూర్చొని ఆనాటి కీర్తనను, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయాన్ని చదివి వినిపించేవారు. ఇవికాక వారంలో ఒక్కొక్క సాయంత్రం ఒక్కొక్క బిడ్డకు కేటాయించి, ఆ బిడ్డతో ఏకాంతంగా మాట్లాడేది. జాన్ వంతు గురువారం.

ఆమె క్రమశిక్షణ నేటివారికి కఠినంగా తోస్తుంది. ఏడాది నిండిన పిల్లలకు మెల్లగా ఏడవడం నేర్పేవారట. అయితే బాగా చదవడం వచ్చేవరకు ఏ ఆడపిల్లకూ కుట్టుపని చెప్పరాదు అనే నియమం కూడా ఆ ఇంటిదే. 18వ శతాబ్దిలో ఇది చిన్న విషయం కాదు.

తరువాతి పద్ధతులు

19వ శతాబ్దిలో షార్లెట్ మేసన్ (1842–1923) అనే ఆంగ్ల విద్యావేత్త ఇంటి చదువుకు ఒక శాస్త్రీయ రూపాన్ని ఇచ్చినది. చిన్నపిల్లలకు పాఠం పొట్టిగా ఉండాలని, విన్న కథను బిడ్డ తన మాటలలో తిరిగి చెప్పాలని, ప్రతిదినం కొంతసేపు ఆరుబయట చెట్లు, పిట్టలు, పురుగులను చూడాలని ఈమె బోధించినది. ఈమె పాఠ్యప్రణాళికలు తపాలా ద్వారా విదేశాలలోని ఆంగ్ల కుటుంబాలకు వెళ్ళేవి. అమెరికాలో బాల్టిమోర్ నగరపు కాల్వర్ట్ స్కూలు 1906లో తపాలా పాఠాలను ప్రారంభించగా, దూరదేశాలలో ఉన్న మిషనరీ కుటుంబాలు వాటిని విరివిగా వాడుకొన్నవి.

1970లలో అమెరికాలో ఇంటి బడి ఉద్యమరూపం దాల్చినది. జాన్ హోల్ట్ వంటివారు బడి పిల్లల ఉత్సాహాన్ని చంపుతున్నదని దీనిని సమర్థించగా, క్రైస్తవులలో చాలామంది మతవిశ్వాసం కోసం దీనిని చేపట్టారు. 1970లో టెక్సాస్‌లో స్థాపించబడిన యాక్సెలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్ సంస్థ బిడ్డ తనంతట తాను పూర్తిచేసుకొనే చిన్న అభ్యాస పుస్తకాలను తయారుచేసినది. వీటిలో జీవపరిణామ సిద్ధాంతాన్ని తోసిపుచ్చడంపై విమర్శలు ఉన్నవి. 1993 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ ఇంటి బడి చట్టబద్ధమైనది. ఇందుకు భిన్నంగా జర్మనీలో బడికి వెళ్ళడం తప్పనిసరి. మతవిశ్వాసం కారణంగా మినహాయింపు కోరిన ఒక క్రైస్తవ కుటుంబం దావాను 2006లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం త్రోసిపుచ్చినది.

దినచర్య

ఇంటి బడి గురించి తెలియనివారు తల్లి నల్లబల్ల ముందు నిలబడి పాఠం చెప్పడాన్ని ఊహించుకొంటారు. తొమ్మిదేళ్ళ బిడ్డ, ఏడేళ్ళ బిడ్డ, ఐదేళ్ళ బిడ్డ, మూడేళ్ళ బిడ్డ, ఉయ్యాలలో మరొకరు ఉన్న ఇంటిలో అది జరిగే పని కాదు. అక్కడ పాఠం కంటె ముందు కుదరవలసినది వరుస.

రోజు సాధారణంగా కుటుంబ ప్రార్థనతో మొదలవుతుంది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో ఒక కీర్తన పాడి, బైబిలులో ఒక భాగం చదివి, ప్రార్థించడం ఆనవాయితీ. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చాలా ఇళ్ళలో ఉంటుంది. ఇంటి బడివారికి ఇదే మొదటి పాఠం కూడా. చదవడం వచ్చినవారు వంతులవారీగా తలా రెండు వచనాలు చదువుతారు. ఒత్తుల దగ్గర తడబడేది ఎవరో, వాక్యం చివర ఆగనిది ఎవరో అక్కడే తేలిపోతుంది. చదవడం రానివారు పల్లవి అందుకొంటారు. బైబిలు తెలుగు గ్రాంథిక ఛాయలున్న పాత తెలుగు కావడంతో, వాడుక భాషలో లేని క్రియారూపాలు పిల్లలకు చిన్నతనంలోనే అలవాటవుతాయి. ఇది మేలేనని చెప్పాలి.

ఆ తరువాత ఇంటిపని. వాకిలి ఊడ్వడం, నీళ్ళు పట్టడం, పక్కలు సర్దడం వయసును బట్టి పంచుతారు. లెక్కలకు వంటిల్లే మంచి చోటు. 4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక అనే పాత కొలతలను బియ్యం పోసి చూపితే, మానికకు 16 గిద్దలని ఏడేళ్ళ బిడ్డ తానే లెక్కకట్టగలదు. గుణకారం, భిన్నాలు రెండూ అందులోనే ఉన్నవి. కొంచెం పెద్దవారికి క్వింటాలు పత్తి ధర, బస్తా వడ్ల తూకం వంటి లెక్కలు చుట్టూ దొరుకుతాయి. తొర్రూరు ప్రాంతపు పంటలు వరి, పత్తి, మిరప.

కూర్చొని చదివే వేళ సాధారణంగా ఉదయం రెండు గంటలకు మించదు. నలభై మంది ఉన్న తరగతిలో హాజరుకు, వరుసలకు, తన వంతు కోసం ఎదురుచూడడానికి పోయే కాలం ఇక్కడ ఉండదు కాబట్టి అది సరిపోతుంది. తల్లి ఐదేళ్ళవానితో గుణింతాలు దిద్దిస్తుండగా ఏడేళ్ళ బిడ్డ చూచివ్రాత వ్రాస్తుంది, తొమ్మిదేళ్ళ బిడ్డ తనంతట తాను లెక్కలు చేసుకొంటాడు. మూడేళ్ళవానికి చింతగింజలో, పలకా బలపమో ఇచ్చి ప్రక్కనే కూర్చోబెడతారు. వాడు ఊరకే కూర్చోడు. ఇంటి బడి నడిపేవారికి అసలు పరీక్ష లెక్కల పాఠం కాదు, ఈ మూడేళ్ళవాడే. చంటిబిడ్డ నిద్రపోయే గంటను బట్టి కఠినమైన పాఠాన్ని అమర్చుకోవడం అనుభవజ్ఞులు చేసే పని. కథలు, చరిత్ర, పరిసరాల విజ్ఞానం వంటివి వయసుతో పని లేకుండా అందరికీ కలిపి చెప్పి, తిరిగి చెప్పించేటప్పుడు మాత్రం ఎవరి స్థాయికి తగినట్లు వారిని అడుగుతారు.

పెద్దవారు చిన్నవారికి చెప్పడం ఈ పద్ధతికి వెన్నెముక. చెప్పేవానికి పాఠం గట్టిపడుతుంది, తల్లికి కొంత వెసులుబాటు. కాని ఇదే దీని బలహీనత కూడా. పెద్దపిల్ల, ముఖ్యంగా ఆడపిల్ల, చెల్లెళ్ళ పాఠాలనుండి చెల్లెళ్ళ ఆలనపాలనకు, అక్కడినుండి వంటపనికి జారిపోవడం ఎవరూ గమనించకుండానే జరుగుతుంది. ఎప్వర్త్ ఇంటి కుట్టుపని నియమం ఈ ప్రమాదానికి అడ్డుకట్టయే.

మధ్యాహ్నం తరువాత ఆట. వీధిలోని తోటిపిల్లలు ఉదయమే బడి బస్సులు ఎక్కిపోతారు కనుక సాయంత్రం వరకు ఆడుకొనడానికి ఇంటి పిల్లలు తప్ప మరొకరు ఉండరు. ఆదివారం సండే స్కూలు, వేసవిలో చర్చిలు నడిపే వి.బి.ఎస్. తరగతులు ఈ కొరతను కొంత తీరుస్తాయి, అయితే అక్కడ కలిసేవారు కూడా ఎక్కువగా తమ విశ్వాసంవారే.

తెలుగునాట నేపథ్యం

ఇంటివద్ద చదువుకోవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం పాలనలో ప్రభుత్వ విద్య ప్రధానంగా ఉర్దూలో సాగినందున తెలుగు చదవడం, వ్రాయడం చాలామంది ఇంటివద్దనో, ఊరిలోని ఖాన్గీ బడిలోనో నేర్చుకొన్నారు. ఆ ప్రైవేటు బడులపైన కూడా ప్రభుత్వం ఆంక్షలు విధించగా, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి సమావేశం జరుపుకొన్న ఆంధ్ర మహాసభ వాటికి వ్యతిరేకంగా పోరాడినది. తొర్రూరు పొరుగున పాలకుర్తి మండలంలోని బమ్మెరకు చెందినవాడుగా చెప్పబడే పోతనకు సహజ పండితుడని పేరు. ఆయన ఉదాహరణ నేటి ఇంటి బడివారికి ఎంతవరకు పనికివస్తుందో చెప్పలేము. పోతనకు పదవ తరగతి సర్టిఫికెట్టు అవసరపడలేదు.

ఈ ప్రాంత క్రైస్తవుల చరిత్ర మాత్రం ఇంటి బడి వైపు కాక ఊరి బడి వైపు నడిచినది. మహబూబాబాద్ జిల్లాలోనే ఉన్న డోర్నకల్‌కు 1909లో వచ్చిన వి.ఎస్. అజరయ్య (1874–1945) 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడైనాడు. ఈయన కాలంలో డోర్నకల్ అధ్యక్ష మండలంలో చేరిన క్రైస్తవులలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన కూలీలు. తమకే చదువు లేని తల్లిదండ్రులు పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పడం ఎలాగ? కనుక ఊరూరా ఒక ఉపదేశిని నియమించి, పగలు పశువులు కాసే పిల్లలకు రాత్రిపూట చదువు చెప్పించారు. డోర్నకల్‌లో ఉపదేశులతోపాటు వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చేవారు. వెస్లీ సంప్రదాయానికి చెందిన మిషనరీలు మెదకు ప్రాంతంలో పనిచేశారు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ రెండు ధారలూ కలిసినవి. తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని కులాలకు బడిలో పేరు నమోదు కావడమే ఒక గెలుపు. ఆ గెలుపును వదులుకొని పిల్లలను ఇంటనే ఉంచుకొనే ఆలోచన ఇక్కడి క్రైస్తవులలో బలపడకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణమని భావించవచ్చు.

చట్టం

2002లో జరిగిన 86వ రాజ్యాంగ సవరణ 21-ఎ అధికరణం ద్వారా 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసినది. అదే సవరణతో చేరిన 51-ఎ(కె) అధికరణం బిడ్డకు విద్యావకాశాలు కల్పించడం తల్లిదండ్రుల విధి అన్నది. బడి అన్న మాట అందులో లేదు. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 10వ సెక్షను మాత్రం బిడ్డను పొరుగు బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధిగా పేర్కొన్నది. ఆ విధిని తప్పిన తల్లిదండ్రులకు చట్టంలో శిక్ష లేదు. నిర్బంధ విద్య అనే మాటలోని నిర్బంధం ప్రభుత్వంపైనే అని 8వ సెక్షను వివరణ. ఇంటి బడిని పేరు పెట్టి అనుమతించిన నిబంధన గాని, నిషేధించిన నిబంధన గాని ఈ చట్టంలో లేదు.

తమ పిల్లలతోపాటు ఇరుగుపొరుగు పిల్లలను కూడా చేర్చుకొంటే పరిస్థితి మారుతుంది. అది గుర్తింపు లేని బడిగా పరిగణింపబడితే 18వ సెక్షను క్రింద లక్ష రూపాయల వరకు, ఆపైన కొనసాగిస్తే రోజుకు పదివేల రూపాయల జరిమానా ఉన్నది.

ఇంటి బడి సాగనప్పుడు తిరిగి బడికి వెళ్ళే దారి చట్టంలోనే ఉన్నది. 4వ సెక్షను ప్రకారం ఎన్నడూ బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకొని, వెనుకబడిన చదువును ప్రత్యేక శిక్షణతో పూరించాలి. వయసు ధ్రువపత్రం లేదని గాని, విద్యాసంవత్సరం మధ్యలో వచ్చారని గాని చేర్చుకోవడానికి నిరాకరించరాదు.

పుస్తకాలు, పరీక్షలు

విదేశీ క్రైస్తవ పాఠ్యక్రమాలు ఆంగ్లంలో ఉంటాయి, వాటి ఖర్చూ ఎక్కువే. తెలంగాణ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ పాఠ్యపుస్తకాలు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తాయి. 2022–23 నుండి ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం ఉండేలా ముద్రించిన పుస్తకాలు వచ్చినవి. ఇవి బడుల కోసం వేసినవే అయినా, రెండు భాషలలో ఏదో ఒకటే బాగా వచ్చిన తల్లిదండ్రులకు ఎంతో ఉపయోగం.

బడిలో చదవనివారు పదవ తరగతి పరీక్ష వ్రాయడానికి సార్వత్రిక విద్యాపీఠాలు మార్గం. 1989లో స్థాపించబడిన జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, ఉమ్మడి రాష్ట్రంలో 1991లో మొదలైన సార్వత్రిక పాఠశాల వ్యవస్థనుండి ఏర్పడిన తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, రెండూ 14 ఏళ్ళు నిండినవారిని పదవ తరగతికి చేర్చుకొంటాయి. తెలుగు మాధ్యమం రెండింటిలోనూ ఉన్నది. జాతీయ విద్యాపీఠంలో ఒకసారి చేరితే ఐదేళ్ళలో తొమ్మిది సార్లు పరీక్షకు అవకాశం ఉంటుంది. 14 ఏళ్ళవరకు ఏ పరీక్షా లేకపోవడం కొందరికి స్వేచ్ఛగా తోచినా, బిడ్డ వెనుకబడినదో లేదో బయటివారెవరూ చూడని ఎనిమిదేళ్ళు అవే.

విమర్శలు

పిల్లలు ఇతర కులాల, మతాల పిల్లలతో కలవకుండా పెరగడం, ఇంటివారి విశ్వాసానికి భిన్నమైన విషయాలు, ముఖ్యంగా విజ్ఞానశాస్త్రంలోనివి, వారికి అందకపోవడం, భారమంతా తల్లి ఒక్కతెపై పడటం అన్నిచోట్లా వినిపించే విమర్శలు. బయటి పరిశీలన లేనప్పుడు పిల్లలపై జరిగే హింస వెలుగులోకి రాదనేది మరొకటి.

తెలంగాణలో వీటికి తోడు స్థానికమైన విమర్శ ఒకటి ఉన్నది. రంగారెడ్డి జిల్లాలో 1991నుండి బాలకార్మికులను బడికి పంపే పని చేసిన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న సూత్రంపై నిలబడినది. దీనిని నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది. బిడ్డ ఇంటివద్ద ఏదో నేర్చుకొంటున్నది అనే మాట ఒప్పుకొంటే, పత్తి చేనుకు, పశువుల వెంట పిల్లలను పంపేవారందరికీ అదే సాకు దొరుకుతుందని ఈ వాదం సారాంశం. ప్రతి సంవత్సరం జూన్ నెలలో బడి బాట కార్యక్రమంలో భాగంగా ఉపాధ్యాయులు ఇంటింటికీ తిరిగి పిల్లల వివరాలు వ్రాసుకొంటారు. ఏ బడిలోనూ పేరు లేని బిడ్డ ఆ లెక్కలో బడి బయటి బిడ్డయే. ఆ బిడ్డ ఆ ఉదయం కీర్తన చదివి, మానికలు కొలిచి, చూచివ్రాత వ్రాసినదా, లేక చేనులో కలుపు తీసి వచ్చినదా అన్నది నమోదు చేయడానికి ఆ పట్టికలో గడి లేదు.