యాడ్-ఆన్లు: ఎందుకు? ఎంతవరకు?

నేడు ఇంటర్నెట్ లేనిదే విద్యార్థికి ఒక్క పని జరగడం లేదన్నది మనందరికీ తెలిసిందే. హాల్ టికెట్, స్కాలర్‌షిప్ దరఖాస్తు, పాత ప్రశ్నపత్రాలు, ఉద్యోగ ప్రకటనలు అన్నీ అందులోనే. అయితే ఒక పేజీ తెరిస్తే మనకు కావలసిన నాలుగు ముక్కల చుట్టూ నలభై ప్రకటనలు. మేము డిగ్రీలో ఉండగా ప్రశ్నపత్రం కోసం ఏ సైటుకు వెళ్ళినా 'డౌన్‌లోడ్' అని నాలుగైదు బటన్లు కనిపించేవి. అందులో అసలుది ఒక్కటే, అదీ అన్నిటికన్నా చిన్నది!

ఇది కేవలం చికాకు వ్యవహారమైతే ఈ సంచికలో పేజీ వృథా చేసేవాళ్ళం కాదు. మాతో చదివిన ఒక మిత్రుడు ఉద్యోగ దరఖాస్తు కోసం వెదికి, ఫలితాలలో అన్నిటికన్నా పైనున్న లింకు నొక్కి, ఫీజు కట్టేశాడు. అది ప్రకటన. అసలు సైటు దాని కింద ఉంది. నాలుగు వందల రూపాయలు పోయాయి, అంటే ఇంటి దగ్గర అమ్మ ఒక రోజు కూలి. అంతకన్నా పెద్ద నష్టం, సంగతి తెలిసేసరికి గడువు దాటిపోవడం. ఇలాంటి మోసాలు మన దగ్గరే కాదు. నకిలీ ప్రకటనలు పెరిగిపోయాయని, వెదికేటప్పుడు ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వాడమని 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్.బి.ఐ. తమ ప్రజలకు బహిరంగంగా సలహా ఇచ్చింది.

ఇంతకీ ఎక్స్‌టెన్షన్ లేదా యాడ్-ఆన్ అంటే ఏమిటి? హాస్టల్‌లో గది అందరికీ ఒకేలా ఇస్తారు. మేకు కొట్టుకొని బట్టల తీగ కట్టుకునేది మనం. బ్రౌజర్ కూడా అంతే. దానికి మనకు కావలసిన సౌకర్యాన్ని జతచేసే చిన్న ప్రోగ్రామే యాడ్-ఆన్. 2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చిన నాటి నుండి ఇవి బాగా ప్రచారంలోకి వచ్చాయి.

తెలుగువాళ్ళకు ఇందులో గర్వించదగ్గ సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో మన దినపత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగుకు బదులు పిచ్చి గీతలు కనిపించేవి. వెదకడానికి వీలుండేది కాదు, నకలు తీసుకుంటే ఇంకో చోట అర్థమయ్యేది కాదు. తెలుగు వికీపీడియాకు పురుడు పోసిన వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే యాడ్-ఆన్ తయారుచేశారు. అది ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. పత్రికలవాళ్ళు మారేదాకా ఆగకుండా, చదివేవాడి వైపు నుండే సమస్యను పరిష్కరించడం అన్నమాట. మా దృష్టిలో యాడ్-ఆన్ల అసలు గొప్పతనం ఇదే.

ఇకపోతే ప్రకటనలను ఆపేవాటిలో మేము వాడేది 'యుబ్లాక్ ఆరిజిన్'. రేమండ్ హిల్ అనే ఆయన 2014లో మొదలుపెట్టారు. పూర్తిగా ఉచితం, విరాళాలు కూడా తీసుకోరు. అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మనం ఒక పేజీ తెరవగానే బ్రౌజర్ ఆ సైటుకు మాత్రమే కాక, ప్రకటనల కంపెనీల కంప్యూటర్లకు, మన కదలికలను గమనించే కంప్యూటర్లకు కూడా కబురు పంపుతుంది. వాటి చిరునామాల జాబితాలు స్వచ్ఛందంగా తయారుచేసేవాళ్ళున్నారు. యుబ్లాక్ ఆ జాబితా చూసి, కబురు బయలుదేరక ముందే ఆపేస్తుంది. ప్రకటన వచ్చాక దాచడం కాదు, చాలావరకు అసలు రాకుండా చేయడం. అందుకే పేజీ త్వరగా తెరుచుకుంటుంది, డేటా కూడా మిగులుతుంది. రోజుకు ఇంత అని లెక్కపెట్టుకొని డేటా వాడే మనకు ఇది చిన్న విషయం కాదు.

మనలో ఎక్కువ మందికి ఉన్నది ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్‌లో యాడ్-ఆన్లు పెట్టుకునే వీలు లేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. 2023 డిసెంబరు నుండి ఫోనులోని ఫైర్‌ఫాక్స్‌కు వందలాది యాడ్-ఆన్లు అందుబాటులోకి వచ్చాయి. మెనూలో 'ఎక్స్‌టెన్షన్స్' అన్న చోట నొక్కితే చాలు. అయితే ఇది బ్రౌజర్ లోపలి ప్రకటనలనే ఆపుతుంది, వేరే యాప్‌లలో వచ్చేవాటిని కాదు. ఇక కంప్యూటర్‌లోని క్రోమ్‌లో గూగుల్ నిబంధనలు మార్చడం వల్ల అసలు యుబ్లాక్ 2025లో నిలిచిపోయింది. శక్తి తగ్గించిన 'లైట్' రూపం మాత్రం దొరుకుతుంది. భద్రత కోసమే మార్చామని గూగుల్ చెప్పింది. గూగుల్ ఆదాయంలో సింహభాగం ప్రకటనలదేనన్న సంగతి కూడా పాఠకులు గుర్తుంచుకోగలరు.

రాత్రి గదిలో లైట్లు ఆర్పాక చదివేవారికి తెల్లని పేజీని నల్లగా మార్చే 'డార్క్ రీడర్' పనికొస్తుంది. పేజీలో వ్యాసం తప్ప మిగతాదంతా తీసేసే 'రీడర్ వ్యూ' ఫైర్‌ఫాక్స్‌లోనే ఉంది, దానికి యాడ్-ఆన్ అక్కర లేదు.

ఇంత చెప్పాం కదా అని కనబడినదల్లా పెట్టుకోవద్దు. పాత కంప్యూటర్లకు ప్రాణం పోస్తుందని పేరు తెచ్చుకున్న 'ది గ్రేట్ సస్పెండర్' అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. వాడకుండా తెరిచి ఉంచిన పేజీలను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చేది. 20 లక్షల మందికి పైగా వాడారు. 2020లో దాన్ని తయారుచేసిన వ్యక్తి వేరేవాళ్ళకు అమ్మేశారు. కొన్నవాళ్ళెవరో వాడేవాళ్ళకు తెలియదు. కొత్త రూపం వాటంతటవే కంప్యూటర్లలోకి దిగిపోయింది. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన ప్రోగ్రామ్ ఉందంటూ గూగుల్ దాన్ని తొలగించింది. మంచి యాడ్-ఆన్ రేపు కూడా మంచిదిగానే ఉంటుందన్న హామీ లేదు.

పెట్టుకునే ముందు 'మీరు చూసే అన్ని సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి' అనుమతి అడుగుతుంది. చాలామంది చదవకుండా సరే అంటారు. అది మన ట్రంకు పెట్టె తాళంచెవి ఇవ్వడమే. ప్రకటనలను ఆపేదానికి ఆ తాళంచెవి లేనిదే పని జరగదు, నిజమే. కానీ వాల్‌పేపర్ మార్చేదానికి, క్రికెట్ స్కోరు చెప్పేదానికి ఎందుకు? రెండు మూడు చాలు. ఫైర్‌ఫాక్స్‌లో 'రికమెండెడ్' అన్న గుర్తు ఉన్నవాటిని మొజిల్లావాళ్ళు పరిశీలిస్తారు, వాటితో మొదలుపెట్టడం మంచిది.

కొందరు మిత్రులు ప్రకటనలను ఆపడం తప్పు కాదా అని అడుగుతుంటారు. తెలుగులో మంచి వ్యాసాలు వేసే చిన్న సైట్లు ప్రకటనలతోనే బతుకుతున్నాయి. అలాంటి వాటికి మేము యుబ్లాక్ ఆపి ఉంచుతాం. దాని గుర్తు మీద నొక్కి, పెద్ద పవర్ బటన్ నొక్కితే ఆ ఒక్క సైటులో ఆగిపోతుంది. ఫీజు కట్టే పేజీ ముందుకు కదలకపోయినా, దరఖాస్తు ఫారం సగమే కనిపించినా ముందుగా చేయవలసింది ఇదే. అలా చేసే ముందు పైనున్న చిరునామా మాత్రం ఒకసారి అక్షరం అక్షరం చదవండి. హాస్టల్‌లో అందరూ వాడే కంప్యూటర్ అయితే వార్డెన్ గారి అనుమతి తీసుకొని ఒక్కరే పెట్టండి, ఏమేం పెట్టారో కాగితం మీద రాసి గోడకు అంటించండి.