ఒక చెంచాడు చక్కెర

మీ వంటింట్లోంచి ఒక టీ చెంచా తీసుకోండి. దాన్ని చక్కెరతో నింపండి. సుమారు 5 గ్రాములు ఉంటుంది. ఒక పెద్ద మనిషి ఒంట్లో దాదాపు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పొద్దున్న ఏమీ తినకముందు ఆ రక్తమంతటిలో ఉండే చక్కెర దాదాపు అంతే. ఒక్క చెంచాడు.

ఇప్పుడు 330 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ డబ్బా తెరవండి. అందులో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే ఏడు చెంచాలు. ఐదు నిమిషాల్లో తాగేస్తారు. ఆ ఏడు చెంచాలూ పేగుల నుంచి రక్తంలోకి వస్తాయి. అయినా ఆరోగ్యవంతుడి రక్తంలో చక్కెర ఒకటిన్నర చెంచాను దాటడం అరుదు. రెండు మూడు గంటల్లో మళ్లీ మొదటి చెంచాకే వచ్చి ఆగుతుంది. మిగిలిన చక్కెర ఎక్కడికి పోయింది? ఎవరు పంపారు?

ఈ ప్రశ్న నేను ప్రతి ఏడూ తరగతిలో అడుగుతాను. "మూత్రంలో పోతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అలా పోదు. పోతోందంటే అది జబ్బే కావచ్చు. ఆ జబ్బుకు మన పాత వైద్యులు పెట్టిన పేరు చూడండి: మధుమేహం. మధువు అంటే తేనె. మేహం అంటే మూత్రం. రోగి మూత్రానికి చీమలు పట్టడం వాళ్లు కళ్లారా చూశారు. ఇంట్లో క్రియోల్‌లో మనం "ద్యాబెత్" అంటాం. తెలుగు ఊళ్లలో "షుగర్" అంటారు. "ఆయనకు షుగర్ ఉంది" అంటే చాలు, అందరికీ అర్థమవుతుంది.

నేను తెలుగు నేర్చుకున్నది గుడిలో, సాయంత్రం తరగతుల్లో. దీపం, పువ్వు, ప్రసాదం అనే మాటలు మాకు ముందే వచ్చేశాయి. కాలేయం, క్లోమం ఎవరూ నేర్పలేదు. మీలో చాలామందిది అదే కథ అనుకుంటాను. కాబట్టి కొన్ని మాటలు ఇక్కడే నేర్చుకుందాం. కష్టమైనవి కావు.

గ్రంథి అంటే ఏదైనా రసాన్ని తయారుచేసే అవయవం. పుస్తకానికి కూడా గ్రంథం అంటాం, రెండూ కలిపేయకండి. నోట్లో లాలాజల గ్రంథులు ఉన్నాయి. వాటికి చిన్న గొట్టం ఉంటుంది, లాలాజలం దానిలోంచి నోట్లోకి వస్తుంది. గొట్టానికి నాళం అని పేరు. నాళం లేని గ్రంథులు మరికొన్ని ఉన్నాయి. వాటిని వినాళ గ్రంథులు అంటారు. అవి తమ రసాన్ని నేరుగా రక్తంలోకే వదులుతాయి. ఆ రసాలే హార్మోన్లు. కొన్ని గ్రంథుల పేర్లు భలే అందంగా ఉంటాయి. వృక్కం అంటే మూత్రపిండం, అధి అంటే పైన. మూత్రపిండం మీద టోపీలా కూర్చున్నది అధివృక్క గ్రంథి. మెదడు కింద బఠాణీ గింజంత ఉండేది పీయూష గ్రంథి. పీయూషం అంటే అమృతం! గొంతు ముందు ఉండేది అవటు గ్రంథి, మన డాక్టర్లు థైరాయిడ్ అనేది దాన్నే. 1912లో గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త తోకకప్పలకు, అంటే కప్ప పిల్లలకు, ఆ గ్రంథి ముక్కలు తినిపించాడు. అవి ఎదగకుండానే, సమయం రాకముందే, చిట్టి చిట్టి కప్పలుగా మారిపోయాయి. ఒక్క హార్మోను అంత పని చేస్తుంది.

శరీరంలో కబురు పంపడానికి రెండు దారులున్నాయి. నరం టెలిఫోన్ తీగ లాంటిది: ఒక చోటి నుంచి ఒక చోటికి, క్షణంలో. హార్మోను అలా కాదు. గుడి మైకులో చెప్పే ప్రకటన లాంటిది. "ఫలానా కారు తీయండి" అంటే అందరికీ వినిపిస్తుంది, ఆ కారు ఉన్నవాడే లేస్తాడు. హార్మోను రక్తంతో పాటు అన్ని కణాల దగ్గరకూ పోతుంది. దాన్ని గుర్తుపట్టే గ్రాహకం ఉన్న కణమే పని మొదలుపెడుతుంది.

ఈ రెండో దారి సంగతి 1902 వరకు స్పష్టంగా తెలియదు. ఆ ఏడు లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క పేగు ముక్కకు వెళ్లే నరాలన్నీ తెంచి, అందులో ఆమ్లం పోశారు. నరాలు లేవు కాబట్టి కబురు వెళ్లకూడదు. కానీ క్లోమం రసాన్ని వదిలింది. అంటే కబురు రక్తంలోనే వెళ్లింది. ఇలాంటి రసాయనాలకు హార్మోను అనే పేరును స్టార్లింగ్ 1905లో వాడాడు. గ్రీకులో దానికి "కదిలించేది" అని అర్థం.

ఇక మన చెంచా దగ్గరకు వద్దాం. దాన్ని కాపాడేది క్లోమమే. అది పొట్ట వెనక అడ్డంగా పడుకుని ఉంటుంది. దానికి రెండు ఉద్యోగాలు. అన్నం అరగడానికి రసం తయారుచేసి నాళం గుండా పేగులోకి పంపడం ఒకటి. రెండోది చిన్న చిన్న కణాల గుంపులు చేస్తాయి. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ విద్యార్థి సూక్ష్మదర్శినిలో ఆ గుంపులను చూశాడు. సముద్రంలో దీవుల్లా కనిపించే వాటిని ఇప్పుడు లాంగర్‌హాన్స్ దీవులు అంటారు. మనమూ దీవి మనుషులమే కదా, ఈ పేరు మనకు సులభంగా గుర్తుంటుంది. క్లోమంలో ఇలాంటి దీవులు సుమారు పది లక్షలు. అన్నీ కలిపినా క్లోమం బరువులో ఒకటి రెండు శాతమే.

మీరు ధాల్ పూరీ తిన్నారనుకోండి. చక్కెర రక్తంలోకి వస్తుంది. దీవుల్లోని బీటా కణాలు దాన్ని పసిగట్టి ఇన్సులిన్‌ను వదులుతాయి. ఇన్సులిన్ తాకగానే కండరాల కణాలు, కొవ్వు కణాలు తలుపులు తెరిచి చక్కెరను లోపలికి తీసుకుంటాయి. కాలేయం కూడా కొంత చక్కెరను గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది. రాత్రి మీరు నిద్రపోతారు, ఎనిమిది గంటలు ఏమీ తినరు. అయినా చెంచా ఖాళీ కాదు. అప్పుడు అవే దీవుల్లోని ఆల్ఫా కణాలు గ్లూకగాన్ అనే ఇంకో హార్మోనును పంపుతాయి. కాలేయం దాచిన చక్కెరను బయటికి తీస్తుంది. ఒకటి దించేది, ఒకటి పెంచేది.

ఇన్సులిన్ అసలు లేకపోతే? 1921కి ముందు అలాంటి పిల్లలకు మందు లేదు. డాక్టర్లు తిండి దాదాపు మాన్పించి కొన్ని నెలలు బతికించేవారు. ఆ ఏడు టొరంటోలో మాక్లియడ్ ప్రయోగశాలలో బాంటింగ్ అనే యువ సర్జన్, బెస్ట్ అనే విద్యార్థి కలిసి కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను తీశారు. కాలిప్ దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న లియోనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగా పనిచేయలేదు. జనవరి 23న ఇచ్చిన శుద్ధి చేసిన మందు పనిచేసింది. పేటెంటును విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరుకే ఇచ్చేశారు. 1982 వరకు రోగులకు దొరికిన ఇన్సులిన్ ఆవుల, పందుల క్లోమం నుంచి తీసినదే. పంది ఇన్సులిన్‌కు, మన ఇన్సులిన్‌కు ఒక్క అమైనో ఆమ్లమే తేడా. ఇప్పుడు మనిషి ఇన్సులిన్‌నే బ్యాక్టీరియాతో తయారు చేయిస్తున్నారు.

మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది ఆ పిల్లల జబ్బు కాదు. రెండో రకం. ఇందులో ఇన్సులిన్ ఉంటుంది, కానీ కణాలు దాని మాట సరిగా వినవు. క్లోమం ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఏళ్లు గడిచాక అలసిపోతుంది. ఈ కాలమంతా మనిషికి ఏ నొప్పీ ఉండదు. మా పిన్నికి జబ్బు ఉందని తెలిసింది కాలి పుండు మానకపోవడం వల్ల. అప్పటికి ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

మన తాత ముత్తాతలు ఈ దీవికి వచ్చింది చెరకు నరకడానికి. వాళ్ల మనవలకు చక్కెర జబ్బు రావడం విచిత్రమే. చాలామంది దాన్ని తలరాత అంటారు. "మన రక్తంలోనే ఉంది, ఏం చేస్తాం?" నాకు ఈ మాట నచ్చదు, అది సగమే నిజం కూడా. 1987లో మారిషస్‌లో జరిగిన పెద్ద సర్వేలో భారత సంతతి వాళ్లలోనే కాదు, క్రియోల్ వాళ్లలోనూ చైనా సంతతి వాళ్లలోనూ ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. వేర్వేరు సంతతుల రక్తం, ఒకే జబ్బు. మారిందేమిటి? పొలం పని పోయింది, బస్సు వచ్చింది, తెల్ల రొట్టె, డ్రింకు వచ్చాయి. ఇప్పుడు ఇక్కడ పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉంది.

మిగతా సగం కూడా చెబుతాను. దక్షిణాసియా సంతతి వాళ్లకు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే ఇది వస్తుంది. మనకు కొవ్వు పొట్ట చుట్టూ ఎక్కువగా చేరుతుంది. అందుకే నడుము కొలతలో మన హద్దు వేరు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. టేపు తీసి కొలుచుకోండి. ప్యాంటు సైజు చూసి నమ్మకండి.

రక్తం వల్ల వచ్చే ప్రమాదాన్ని కాళ్లతో తగ్గించవచ్చు. కండరం పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. భోజనం తర్వాత నడక ఎందుకు మంచిదో ఇప్పుడు తెలిసిందా? 2002లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, జబ్బుకు దగ్గరగా ఉన్నవాళ్లు వారానికి 150 నిమిషాలు నడిచి, కొంచెం బరువు తగ్గితే, జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్న గుంపులో 31 శాతమే తగ్గింది.

పరీక్ష చిన్నది. పరగడుపున 5.6 లోపు ఉంటే మంచిది, 7 లేదా ఆపైన ఉంటే జబ్బు కావచ్చు, మళ్లీ పరీక్ష చేయించాలి. మధ్యలో ఉంటే అది మీకు దొరికిన సమయం. ఇంకో పరీక్ష గత మూడు నెలల సగటు చెబుతుంది, ఎందుకంటే ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు. ఎంత అతుక్కున్న చక్కెర ఉందో ఆ కణమే చూపిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఇది ఉచితం.

చివరగా ఉపవాసం గురించి. అమ్మోరు పండుగకు, సింహాద్రి అప్పన్న పూజకు మన పెద్దవాళ్లు ఉపవాసం ఉంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఉండకూడదు. తిండి లేదు, మందు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, చెంచా ఖాళీ అయిపోతుంది. అప్పుడు అధివృక్క గ్రంథి అడ్రినలిన్‌ను వదులుతుంది. చెమట, వణుకు, గుండె దడ దాని పనే. తర్వాత మాట తడబడుతుంది, మనిషి కోపంగా, తికమకగా ఉంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు "పూనకం" అనుకోవచ్చు, "నీరసం" అనుకోవచ్చు. ఆలస్యం చేయకండి. మనిషికి స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలు ఆగి చూడండి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, తీర్థం కూడా. పక్కకు తిప్పి పడుకోబెట్టి 114కు ఫోన్ చేయండి.