ఒకే కాగితం మీద మూడు ఊళ్లు

పిల్లలూ, ఈసారి కబురు సున్నం బట్టీల దగ్గర మొదలై ఎక్కడెక్కడికో పోతుంది. కాస్త ఓపిక పట్టండి.

మా పిడుగురాళ్ల అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది సున్నం. ఓ పక్క పత్తీ మిరపా పండే నల్లరేగడి, ఇంకో పక్క తెల్లరాయి. ఆ రాయిని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోయి సున్నం మిగులుతుంది. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాలిస్తే చేతికొచ్చేది 56 కిలోలే. తక్కిన 44 కిలోలూ గాలిపాలు. ఇలాంటివన్నీ మీరు చదువుకునేట్టు రాసిపెడదామని నేనూ, నాతో బళ్లో చదివిన ఇద్దరు స్నేహితులూ అనుకున్నాం. ఒకడు నరసరావుపేటలో ఉంటాడు, ఇంకొకడు అమెరికాలో, డల్లాస్‌లో కొడుకు దగ్గర. ఆ డల్లాస్ వాడే గూగుల్ డాక్స్‌లో ఒక కాగితం తెరిచి లింకు పంపాడు. "రండిరా, ముగ్గురం ఒకేసారి రాద్దాం" అన్నాడు. లోకానికి అది 2006 నుంచీ తెలిసిందే. మాకు కొత్త.

తెరవగానే నాకు కలిగింది సిగ్గు. రాసేటప్పుడు మనం ఎంత తడబడతామో సాధారణంగా ఎవరికీ తెలియదు కదా. ఇక్కడ ఒక్కొక్కరి కర్సర్‌కీ ఒక రంగు, దానికో పేరు. ఎవరు ఏ అక్షరం కొట్టినా, ఏది చెరిపినా మిగతావాళ్లకు అప్పటికప్పుడే కనిపిస్తుంది. నరసరావుపేట వాడు "బట్టీ" అని కొట్టి, ఎందుకో వద్దనుకుని వెనక్కి చెరపడం మొదలుపెట్టాడు. నా కళ్ల ముందే "బట్టీ" కాస్తా "బట్ట" అయింది. తర్వాత "బట్", ఆ తర్వాత "బట", చివరికి "బ". మన కంటికి అవి రెండే అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో మాత్రం బ, ట, పొల్లు, మళ్లీ ట, గుడిదీర్ఘం, మొత్తం ఐదు. తెలుగు లిపిని యూనికోడ్‌లో ఇలాగే అమర్చారు. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి ఆరు కావాలి. ఎన్నో ఏళ్లుగా తెలుగు టైపు చేస్తున్నా, అక్షరం ఇలా కీలు కీలుగా విడిపోవడం పరాయి చేతి కింద చూసినప్పుడే నాకు అర్థమైంది.

అసలు వింత ఇంకొకటుంది. ఇక్కణ్ణుంచి డల్లాస్ దాదాపు 14 వేల కిలోమీటర్లు. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ఎంత తిన్నగా పోయినా నా అక్షరం వాడికి చేరడానికి సెకనులో 7 శాతం పడుతుంది. నిజంగా పట్టేది అంతకన్నా ఎక్కువే. ఈలోపు వాడూ ఏదో ఒక మీట నొక్కేస్తాడు. ఇద్దరం "ఒకేసారి" రాయడమంటే, ఎదుటివాడు ఏం రాశాడో తెలియక ముందే రాయడమన్నమాట.

దాంతో వచ్చే చిక్కు చూడండి. కాగితం మీద "రాయి కాలితే సున్నం అవుతుంది" అని ఉంది. నేను మొదట్లో "తెల్ల" చేర్చాను. అదే క్షణంలో వాడు ఒకటో మాట తర్వాత "బాగా" చేర్చాడు. నాది వాడికి చేరితే వాడి తెర మీద "తెల్ల రాయి బాగా కాలితే సున్నం అవుతుంది" అని వస్తుంది, బాగానే ఉంది. వాడిది నాకు చేరిందనుకోండి. "ఒకటో మాట తర్వాత" అన్న ఆజ్ఞను ఉన్నదున్నట్టు పాటిస్తే నా తెర మీద "తెల్ల బాగా రాయి కాలితే" అవుతుంది. ఇద్దరం చేసిన మార్పులు అవే, వాక్యాలు మాత్రం రెండు!

దీనికి దారి చూపింది క్లారెన్స్ ఎల్లిస్, సైమన్ గిబ్స్ అనే ఇద్దరు. 1989లో, డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలోనే ఆస్టిన్ ఊళ్లో. రేషన్ షాపు వరుసలో ముందెవరైనా వచ్చి చేరితే వెనకవాళ్ల నంబరు ఒకటి పెరుగుతుంది కదా. అలాగే, వచ్చిన ఆజ్ఞను అమలు చేసేముందు, ఈలోపు ఇక్కడ ఏం మారిందో చూసి ఆ అంకెను సవరించాలి. "ఒకటో మాట తర్వాత" అన్నది "రెండో మాట తర్వాత" అవుతుంది. అప్పుడు ఎవరి ఆజ్ఞ ముందు అందినా అన్ని తెరలూ ఒకే వాక్యానికి వస్తాయి. ఇద్దరూ సరిగ్గా ఒకే చోట చేరిస్తే ఎవరిది ముందుండాలో కూడా నియమం ముందే పెట్టుకోవాలి. ఎవరూ ఎవరి కోసమూ ఆగక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. ఇంత చిన్న లెక్కలో ఇంత మర్యాద ఇమిడి ఉండటం నాకు ఎంతో నచ్చింది.

మన తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది. అక్కడా పదిమందీ కలిసే రాస్తారు, చర్చల పేజీకి రచ్చబండ అనే పేరు పెట్టుకున్నారు. కానీ అక్కడ పద్ధతి వేరు. ఎవరికి వారు రాసి భద్రపరుస్తారు. ఒకే చోట ఇద్దరు దిద్దితే వెనక వచ్చినవారికి "దిద్దుబాటు ఘర్షణ" అని చెబుతుంది, వాళ్లే సర్దుకోవాలి. నిదానంగా ఆలోచించి రాసే పనికి నా ఓటు ఇప్పటికీ దానికే. కబుర్లాడుతూ రాయడానికైతే గూగుల్ డాక్స్ హాయి.

కలిసి రాయాలన్న ఈ కోరిక ఇంకా పాతది. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన వేదిక మీద కూర్చుని, దూరంగా మెన్లోపార్క్‌లో ఉన్న తోటివాడితో ఒకే తెర మీద పని చేసి చూపించాడు. జనం మౌస్ అనే వస్తువును చూసిందీ ఆరోజే.

ఇక మా కాగితం సంగతి. బట్టీ అడుగున ముందు కట్టెలు పేర్చేవారని నరసరావుపేట వాడు, కాదు బొగ్గేనని డల్లాస్ వాడు ఒకే చోట కొట్టారు. యంత్రం ఎవరి అక్షరమూ పోనివ్వలేదు. ముగ్గురి తెరల మీదా "బట్టీ అడుగున కట్టెలు బొగ్గు పేర్చేవారు" అని ఒకే వాక్యం నిలబడింది. అంకెల లెక్క తప్పలేదు. నిజమేదో చెప్పడం ఆ లెక్క పని కాదు. ఫోన్‌లో చాలాసేపు వాదించుకున్నా తేలలేదు. ఇక బట్టీల్లో పనిచేసిన పెద్దవాళ్లెవరినైనా అడగాల్సిందే. ఆ పని నాకు అప్పజెప్పారు. ముగ్గురిలో పిడుగురాళ్లలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణేగా. రేపు పొద్దున వెళ్తున్నా, వచ్చేవాళ్లుంటే రండి.